ఇంట్లో చేసుకున్న క్లీనర్లు: ఎనిమిది నెలల తర్వాత ఏవి ఉంచుకున్నాను, ఏవి పారబోశాను

సింకు కింద తలుపు తీస్తే ఒకప్పుడు పదకొండు సీసాలుండేవి. అద్దాలకొకటి, స్టవ్‌కొకటి, బాత్రూమ్ టైల్స్‌కొకటి, నేల తుడవడానికి రెండు (ఒకటి వాసన నచ్చక మూలన పడేసింది), ఇంకా దేనికోసం కొన్నానో నాకే గుర్తులేనివి ఐదారు. ఒక నెల సామాన్ల బిల్లు చూసి ఒళ్ళు మండి, ఇకమీదట ఇవన్నీ నేనే చేసుకుంటానని ఇంట్లో గట్టిగా ప్రకటించేశాను. ఇప్పటికి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు ఆ అరలో ఐదే ఉన్నాయి, వాటిలో రెండు కొన్నవే. డబ్బు మిగిలిందా అంటే మిగిలింది. కాకపోతే వీడియోల్లో చూపించినంత సుఖంగా మాత్రం కాదు. కొన్నిచోట్ల డబ్బుకి బదులు నా భుజాలు ఖర్చయ్యాయి.

ముందు అందరూ చూపించే ఆ పొంగు సంగతి తేల్చేస్తాను. వెనిగర్, వంట సోడా కలపగానే బుసబుసమని నురగ లేస్తుంది కదా, అది చూస్తే ఏదో బ్రహ్మాండం జరిగిపోతున్నట్టు ఉంటుంది. నేనూ అలాగే మోసపోయాను. జరిగేదేంటంటే ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం, రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, గ్యాస్ పోయాక మిగిలేది కాస్త సోడియం ఎసిటేట్ అనే లవణం కలిసిన నీళ్ళు. మామూలు 5 శాతం వెనిగర్ 100 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో ఆమ్లం 5 గ్రాములే, దాన్ని మొత్తం చల్లార్చెయ్యడానికి 7 గ్రాముల వంట సోడా చాలు, అంటే ఒకటిన్నర చిన్న చెంచాలు. అంటే రెండు పనికొచ్చే వస్తువులు కొని, వాటిని మనమే పనికిరాకుండా చేసి, పైగా దానికి సీసా కడుగుతున్నామన్నమాట. బాత్రూమ్ నీళ్ళు పోకపోతే మూడు రోజులు వరసగా ఇదే పోశాను. రోజూ పొంగింది, రోజూ నీళ్ళు అలాగే నిలబడ్డాయి. నాలుగో రోజు జాలీ తీసి వంకర తిప్పిన తీగ లోపలికి దూరిస్తే ఎలుక తోకంత వెంట్రుకల ఉండ బయటికొచ్చింది, దాని మీద వంట సోడా ఇంకా తెల్లగా అంటుకునే ఉంది. ఈ జంటకి నా మార్కులు సున్నా.

విడివిడిగా వాడితే మాత్రం రెండూ మంచి పనివాళ్ళే.

ఆమ్లం పని సున్నపు గార కరిగించడం, అంతే. షవర్ తలకాయ రంధ్రాలు మూసుకుపోయి నీళ్ళు పక్కలకి చిమ్ముతుంటే, ఒక ప్లాస్టిక్ కవర్లో వెనిగర్ పోసి, తలకాయ మునిగేలా తొడిగి, రబ్బర్ బ్యాండ్ వేసి గంట వదిలేశాను. కవర్ లోపల చిన్న చిన్న బుడగలు లేస్తూ కనిపించాయి (ఈ బుడగలు నిజమైనవి, గార కరుగుతుంటే వచ్చేవి), తర్వాత పాత బ్రష్‌తో నాలుగు రుద్దుళ్ళు, అంతే, కొత్తదానిలా ధార వచ్చింది. పదికి తొమ్మిది. ఒక మార్కు వాసనకి కోశాను. ఆ రోజు ఇంటికొచ్చిన మా అక్క గుమ్మంలోనే ముక్కు మూసుకుని "ఏంటే ఈ వాసన, ఇల్లంతా పులిసిపోయిందా" అంది.

తర్వాత తెలిసొచ్చిన సంగతి ఇంకోటుంది. వెనిగర్ సీసాలో నూటికి 95 వంతులు నీళ్ళే. గార కోసమే అయితే నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్ పొడి, లీటరు నీళ్ళలో 50 గ్రాములు కలిపితే దాదాపు అంతే బలం, వాసన లేదు, పొడి డబ్బా ఏళ్ళ తరబడి పాడవదు. నాకు నిజంగా డబ్బు మిగిల్చింది ఇదే. కెటిల్‌లో గార పడితే ఇదే పోసి గోరువెచ్చగా అరగంట వదిలేస్తాను. మరిగించకండి, మరిగిస్తే కాల్షియం సిట్రేట్ అని ఇంకో తెల్లపొర కూర్చుంటుంది, ఒకటి పోగొట్టబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టవుతుంది. అయ్యాక రెండుసార్లు బాగా కడగాలి.

ఇక దెబ్బ తిన్న కథ. పాలరాయి గట్టు మీద వెనిగర్ స్ప్రే బాటిల్ పెట్టి ఫోనొస్తే వెళ్ళిపోయాను. బాటిల్ అడుగు కొంచెం కారుతోందని నాకు తెలియదు. వచ్చి ఎత్తి చూస్తే గుండ్రంగా, గాజు గ్లాసు అడుగంత మచ్చ. తుడిస్తే పోలేదు. వేలితో రాస్తే చుట్టూ నున్నగా ఉంది, అక్కడ మాత్రం గరగర. అది మరక కాదు, రాయే కరిగింది, ఎందుకంటే గార ఏ పదార్థమో పాలరాయీ దాదాపు అదే, ఆమ్లానికి ఆ రెండిటికీ తేడా తెలియదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, దాని మీద ఒక డబ్బా పెట్టి నెట్టుకొస్తున్నాను. "సహజమైనది, ఏం కాదు" అని చెప్పేవాళ్ళకి ఆ డబ్బా ఎత్తి చూపిస్తుంటాను. వాషింగ్ మెషీన్‌లో ప్రతిసారీ వెనిగర్ పొయ్యడం కూడా మానేశాను, తలుపు చుట్టూ ఉండే రబ్బరుకి అది మంచిది కాదు.

క్షారం పక్కకొస్తే వంట సోడా చాలా మెత్తటి మనిషి. సింకు మీద, టీ మరకల కప్పుల మీద, స్టవ్ మీద తడిగుడ్డతో రుద్దితే గీతలు పడకుండా మరక పోతుంది. మాడిపోయిన జిడ్డు మీద ముద్దలా పూసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్న గీకితే వస్తుంది, కానీ "రాత్రంతా" అన్న మాట వీడియోల్లో ఒక్క క్షణంలో దాటేస్తారు. అసలు జిడ్డుకి పనికొచ్చేది వాషింగ్ సోడా. వంట సోడా పీహెచ్ (7 దాటి ఎంత పెరిగితే క్షారం అంత ఘాటు) 8 కాస్త దాటితే ఇది 11 దాకా వెళ్తుంది, అందుకే చేతులకి గ్లౌజులు ఉండాల్సిందే, నేను లేకుండా చేసి రెండ్రోజులు చర్మం పగిలి తిరిగాను. అల్యూమినియం జోలికి తీసుకెళ్ళకండి, నా ట్రే ఒకటి నల్లగా మాడినట్టైపోయింది. వంట సోడాని ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర గంట వేపితే వాషింగ్ సోడా అవుతుందని చెప్తారు. అవుతుంది, నేను చేశాను. 100 గ్రాములు పెడితే 63 గ్రాములు చేతికొస్తుంది, మిగతాది ఆవిరి, గ్యాస్. పైన కరెంటు. నేరుగా వాషింగ్ సోడా దొరికే చోట ఇది శుద్ధ దండగ.

హెర్బర్ట్ సినర్ అనే జర్మన్ రసాయన ఇంజనీరు 1959లో శుభ్రం చేసే పనిని ఒక చక్రంగా చెప్పాడు. రసాయనం, వేడి, రుద్దుడు, సమయం, ఈ నాలుగే. ఒకటి తగ్గిస్తే మిగతావాటిలో ఏదో ఒకటి పెంచాలి. ఇది చదివాక నా ఎనిమిది నెలలు అర్థమయ్యాయి. సీసా మందుకి బలం తగ్గించాను కాబట్టి చెయ్యి బలం పెంచాల్సి వచ్చింది, లేకపోతే రాత్రంతా ఆగాల్సి వచ్చింది. వేడినీళ్ళు మాత్రం నేను పట్టించుకోని బంగారం. జిడ్డు గిన్నె మీద చన్నీళ్ళతో పావుగంట కుస్తీ పట్టేకంటే వేడినీళ్ళు పోసి పది నిమిషాలు ఊరుకోవడం మేలు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద ఫెయిల్యూర్, బట్టల పొడి. సబ్బు తురిమి, వాషింగ్ సోడా కలిపి, పెద్ద డబ్బా నిండా చేసుకున్నాను. తురమడానికే ఒక ఆదివారం పోయింది, ఆ సబ్బు దుమ్ముకి తుమ్ములు వేరే. మొదటి నెల బ్రహ్మాండం అనుకున్నాను. మూడో నెలకి తెల్లచొక్కాలు బూడిదరంగుకి తిరిగాయి, తువ్వాళ్ళు అట్టల్లా అయిపోయాయి. ఒకరోజు స్నానం చేసి తుడుచుకుంటుంటే నీళ్ళు ఒంటి మీదే ఉన్నాయి, తువ్వాలు పీల్చట్లేదు. అనుమానమొచ్చి ఆ తువ్వాలు పరిచి వేలితో ఒక నీటిచుక్క వేశాను. తామరాకు మీద చుక్కలా గుండ్రంగా కూర్చుంది, లోపలికి పోదే! సబ్బు ఉప్పునీళ్ళలోని కాల్షియంతో కలిసి జిగట పొరలా తయారవుతుంది, అది గుడ్డ పోగులకి పట్టుకుని ఉతికినకొద్దీ పేరుకుంటుంది. కొన్న డిటర్జెంట్లో ఉండేది సబ్బు కాదు, ఉప్పునీళ్ళలోనూ విరగని వేరే పదార్థాలు, పైగా మరకని కొరికి తినే ఎంజైములు. అవి మన వంటగదిలో తయారుకావు. తువ్వాళ్ళని వేడినీళ్ళలో వాషింగ్ సోడా, కొన్న డిటర్జెంట్ వేసి నాలుగు గంటలు నానబెడితే బకెట్లో నీళ్ళు మురిక్కాలవలా అయ్యాయి. "ఉతికినవే కదా ఇవి" అని అమ్మ ఆ బకెట్ వంక చూసి అడిగింది. నేనేం మాట్లాడలేదు. ఆ నానబెట్టుడుకి పోయిన పొడి, వేడినీళ్ళు లెక్కేస్తే అప్పటిదాకా మిగిల్చింది కాస్తా అక్కడే పోయింది. సగం నిండిన ఆ డబ్బా ఇంకా ఉంది, గుమ్మం కడగడానికి వాడుతున్నాను.

ఉంచుకున్న వాటిలో నాకు ఇష్టమైనది రెసిపీ అనడానికే సిగ్గుపడేంత సులువు. అర లీటరు నీళ్ళు, అర చెంచా గిన్నెలు తోమే లిక్విడ్. అయిపోయింది. గట్టు, బల్ల, ఫ్రిజ్ తలుపు, స్విచ్ బోర్డు (దాని మీద కొట్టొద్దు, గుడ్డ మీద కొట్టి తుడవండి), అన్నిటికీ ఇదే. పదకొండు సీసాల్లో ఐదింటిని ఈ ఒక్కటే ఇంట్లోంచి పంపేసింది. ఇందులో వెనిగర్ ఎక్స్‌ట్రాగా వెయ్యాలని చాలామంది అంటారు, నాకైతే తేడా కనబడలేదు. అసలు సబ్బుతో చేసిన ద్రావణంలో వెనిగర్ వేస్తే మాత్రం పాలు విరిగినట్టు తెల్లటి ముక్కలు తేలతాయి, ఆ ముక్కలు స్ప్రే బాటిల్ గొట్టంలో ఇరుక్కుని ఒక బాటిల్ పోయింది.

అద్దాలకి రబ్బింగ్ ఆల్కహాల్ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), నీళ్ళు సగం సగం, ఒక పెద్ద చెంచా వెనిగర్. ఆల్కహాల్ తొందరగా ఆరిపోతుంది కాబట్టి చారలు పడవు. స్టవ్ వెలుగుతుంటే దగ్గర వాడకండి. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే కొన్నదానికంటే బాగుందని నా పక్షపాత అభిప్రాయం.

పండ్ల తొక్కలతో బయో ఎంజైమ్ కూడా చేశాను. చక్కెర 1 వంతు, తొక్కలు 3, నీళ్ళు 10, మూడు నెలలు. మొదట్లో రోజూ మూత తిప్పి గ్యాస్ వదలాలి. నేను రెండ్రోజులు ఊరెళ్ళొచ్చేసరికి ప్లాస్టిక్ సీసా బాన పొట్టలా ఉబ్బి, నిలబడలేక పక్కకి దొర్లి ఉంది. మూత తీస్తే పైకప్పుకి తొక్క ముక్క అంటుకుంది. మూడు నెలల తర్వాత చేతికొచ్చింది వాడిచూస్తే పల్చటి వెనిగర్‌లాగే పనిచేసింది. వాసన బాగుంది, ఓపిక ఉన్నవాళ్ళకి సరదా. పదికి నాలుగు.

ఒక్క విషయంలో మాత్రం సరదాల్లేవు. శుభ్రం చెయ్యడం వేరు, క్రిములు చంపడం వేరు. వెనిగర్ మీద ఆ నమ్మకం పెట్టుకోవద్దు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయితే నేను ముందు సబ్బునీళ్ళతో తుడిచి, తర్వాత బ్లీచ్ వాడతాను. 5 శాతం బ్లీచ్ 20 మిల్లీలీటర్లకి లీటరు అయ్యేదాకా నీళ్ళు కలిపితే 0.1 శాతం ద్రావణం వస్తుంది. అది రోజు దాటితే బలం తగ్గిపోతుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. దాన్ని దేనితోనూ కలపకూడదు. ఆమ్లం తగిలితే క్లోరిన్ గ్యాస్, అమ్మోనియా తగిలితే క్లోరమైన్ అనే ఇంకో గ్యాస్, రెండూ ఊపిరితిత్తుల్ని కాల్చేవే. నాకు తెలిసి కూడా ఒకసారి టాయిలెట్‌లో పొద్దున పోసిన బ్లీచ్ మర్చిపోయి నిమ్మ ఉప్పు నీళ్ళు పోశాను. గొంతులో సూదులు గుచ్చినట్టయింది. కిటికీ తెరిచి, తలుపేసి, బయటికి పరిగెత్తాను, గంట దాకా దగ్గు ఆగలేదు. అప్పటినుంచి టాయిలెట్‌కి కొన్న క్లీనర్ ఒక్కటే, ప్రయోగాల్లేవు. హైడ్రోజన్ పెరాక్సైడ్, వెనిగర్ కూడా ఒకే సీసాలో పొయ్యకండి, అదీ ఘాటైన వేరే ఆమ్లంగా మారుతుంది.

ఇంకోటి, కొన్నవాటిలో పాడవకుండా ఉంచే ప్రిజర్వేటివ్ ఉంటుంది, మన వాటిలో ఉండదు. సబ్బునీళ్ళు నెల ఉంచితే అడుగున తీగలు సాగుతూ ఏదో తేలింది, వాసన చెప్పక్కర్లేదు. అందుకే వారానికి సరిపడానే చేస్తున్నాను. తాగేనీళ్ళ సీసాల్లో మాత్రం పొయ్యొద్దు, రంగు లేని ద్రావణం చూస్తే పెద్దవాళ్ళే పొరపడతారు, ఇక పిల్లల సంగతి చెప్పేదేముంది. ప్లాస్టర్ ముక్క మీద పెన్నుతో పేరు, తేదీ రాసి అంటిస్తాను.

ఇప్పుడు అరలో ఉన్న ఐదు ఇవి: లిక్విడ్ నీళ్ళు, అద్దాల స్ప్రే, నిమ్మ ఉప్పు నీళ్ళు, కొన్న బట్టల డిటర్జెంట్, కొన్న టాయిలెట్ క్లీనర్. మొదలుపెట్టేవాళ్ళు ముందే అందమైన సీసాలు, గరాటులు, లేబుళ్ళు కొనకండి, నాకు మొదటి రెండు నెలల ఆదా మొత్తం వాటికే పోయింది, పైగా ఆ స్ప్రే బాటిళ్ళ మీటలు మూడో నెలకే విరిగాయి. ఇప్పుడు నా లిక్విడ్ నీళ్ళు ఒకప్పటి స్టవ్ క్లీనర్ ఖాళీ సీసాలో ఉన్నాయి, పదిసార్లు కడిగి, పాత కాగితం గీకేసి. దాని మీట మాత్రం ఇంకా గట్టిగా పనిచేస్తోంది.