రన్‌సీ ఒక్కటే మార్చాలా, డాకర్ మొత్తం అప్‌డేట్ చేయాలా: ఏది మేలు?

విశాఖలో రుషికొండ, మధురవాడ వైపు చిన్న కంపెనీల్లో సర్వర్లు చూసుకునేది సాధారణంగా ఒకరిద్దరే. యాప్‌లను విడివిడి పెట్టెల్లో పెట్టి నడిపినట్టుండే కంటైనర్లలో భద్రతా లొసుగు బయటపడిందంటే వాళ్ల మొదటి టెన్షన్ హ్యాకర్ గురించి కాదు, "సైట్ ఆగుతుందా?" అని.

2024 జనవరి 31న బయటికొచ్చిన 'లీకీ వెసెల్స్' సంగతే చూద్దాం. కంటైనర్లను తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్ డాకర్ అయితే, దాని కింద కంటైనర్‌ను నిజంగా మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్ రన్‌సీ. అది హోస్ట్‌లో, అంటే అసలు సర్వర్‌లో, తను తెరిచిన డైరెక్టరీ హ్యాండిల్‌ను మూయకుండా కంటైనర్‌లోకి వదిలేసేది. డాకర్‌ఫైల్‌లో (కంటైనర్ ఇమేజ్ ఎలా తయారు చేయాలో చెప్పే ఫైల్) పని చేయాల్సిన ఫోల్డర్‌ను చెప్పే వర్క్‌డిర్ దగ్గర ఆ హ్యాండిల్ దారి రాస్తే చాలు, లోపలి ప్రాసెస్ నేరుగా హోస్ట్ ఫైళ్ల మధ్య తేలుతుంది. రన్‌సీ 1.1.12 వెర్షన్‌లో దీన్ని సరిచేశారు.

రన్‌సీ ఒక్కటే మార్చడంలో పెద్ద సుఖం ఉంది. అది ఎప్పుడూ నడుస్తూ ఉండే సర్వీసు కాదు. కంటైనర్ మొదలైనప్పుడో, నడుస్తున్న కంటైనర్‌లో ఏదైనా కమాండ్ నడపడానికి ఎవరైనా ఎగ్జెక్ కొట్టినప్పుడో లేచి, పని కాగానే తప్పుకుంటుంది. అందుకే నడుస్తున్న కంటైనర్లను ఆపకుండానే మార్చేయొచ్చు. కాకపోతే ఒక చిక్కుంది. ఉబుంటు వాళ్ల డాకర్ అయితే రన్‌సీ విడి ప్యాకేజీ. డాకర్ సొంత రిపోజిటరీ నుంచి వేసుకున్నది అయితే అది కంటైనర్‌డీ.ఐఓ ప్యాకేజీలో కలిసే వస్తుంది. అక్కడ అలవాటు కొద్దీ రన్‌సీని విడిగా ఇన్‌స్టాల్ చేయబోతే, కంటైనర్‌డీ.ఐఓను తీసేస్తానంటుంది. ఆ నాలుగు లైన్లు చదవకుండా 'వై' కొట్టారో, డాకర్ కూడా దానితో పాటే పోతుంది.

డాకర్ ఇంజిన్ మొత్తాన్ని 25.0.2కి తెస్తే రన్‌సీ లొసుగుతో పాటే బిల్డ్‌కిట్‌లో (డాకర్‌లో ఇమేజ్‌లు బిల్డ్ చేసే భాగం) బయటపడిన లొసుగులూ పూడుతాయి. రన్‌సీ మార్పు వాటిని ముట్టుకోదు. కానీ డీమన్, అంటే వెనక ఎప్పుడూ నడిచే డాకర్ సర్వీసు, రీస్టార్ట్ అవుతుంది. డీమన్ ఆగినా కంటైనర్లను నడవనిచ్చే లైవ్-రిస్టోర్ సెట్టింగ్ ముందే ఆన్ చేసి లేకపోతే కంటైనర్లన్నీ ఆగుతాయి. పైగా పెద్ద వెర్షన్ మారేటప్పుడు దాన్నీ నమ్ముకోలేం.

కంటైనర్లకు మూలమైన ఇమేజ్‌లు మళ్లీ బిల్డ్ చేద్దామనేవాళ్లూ ఉంటారు. లొసుగు హోస్ట్‌లో ఉంటే అది దండగ పని.

నన్నడిగితే, కస్టమర్లు వాడే సర్వర్‌లో ఆ రోజే రన్‌సీ మార్చేయాలి, ఇంజిన్ సంగతి ఆదివారం రాత్రి చూసుకోవచ్చు. బయటివాళ్ల డాకర్‌ఫైళ్లు బిల్డ్ చేసే మెషీన్‌కి బిల్డ్‌కిట్ లొసుగులే ముప్పు కాబట్టి, అక్కడ మాత్రం ఆగడం లేదు, ఇంజిన్ మొత్తం అప్పుడే మార్చాలి. అది గంటసేపు ఆగితే డెవలపర్లు టీకి వెళ్తారు, అంతే.

ఈ రోజు చేస్తున్నవాళ్లు 1.1.12 దగ్గర ఆగిపోకండి. 2025 నవంబరులో రన్‌సీలో మరో మూడు లొసుగులు బయటపడ్డాయి. 1.2 వరసలో 1.2.8, 1.3 వరసలో 1.3.3, లేదా వాటికంటే కొత్తది కావాలి.