క్లాసిక్ రాక్ గిటార్: వీడియో పాఠమా, ట్యాబా, చెవా, మాస్టారా?

మూడు వారాలపాటు రోజూ రాత్రి అన్నం తిన్నాక గిటార్ పట్టుకుని ‘స్వీట్ చైల్డ్ ఓ మైన్’ మొదటి రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వర వరస) సాధన చేశాను. ఎవరో పెట్టిన వీడియో పాఠం చూసి. పాఠం బాగానే ఉంది. చేతులు దగ్గరగా చూపించారు, ఏ ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది లోహపు గీతల మధ్య గడిలో) ఏ వేలు పెట్టాలో విడమరిచి చెప్పారు. మెల్లగా వేళ్లు దారికొచ్చాయి. ఒక ఆదివారం ధైర్యం చేసి అసలు పాట స్పీకర్‌లో పెట్టి, దానితోపాటు వాయించడం మొదలుపెట్టాను. చెవులు మూసుకోవాల్సి వచ్చింది. నా గిటార్ ఒక శ్రుతి, ఆ పాట వాయించిన స్లాష్ గిటార్ ఇంకో శ్రుతి. ట్యూనర్ పెట్టి చూస్తే నా తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంగతేమిటంటే 1987 నాటి ఆ రికార్డులో గన్స్ ఎన్ రోజెస్ వాళ్ల గిటార్లు మామూలు కంటే అర మెట్టు (ఒక ఫ్రెట్ అంత) దించి శ్రుతి చేసి ఉన్నాయి. వీడియోలో ఆ ముక్క ఎక్కడా లేదు. కింద వివరణలో, ఆఖరి లైనులో ఉంది.

అప్పుడు పట్టుకుంది ఈ ప్రశ్న. అరవైలు, డెబ్బైలు, ఎనభైల నాటి రాక్ పాటలు ఇంట్లో కూర్చుని నేర్చుకోవాలంటే ఏది మేలు? వీడియో పాఠమా, ట్యాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెలతో రాసిన కాగితం) చూసి వాయించడమా, చెవితో పట్టుకోవడమా, మాస్టారి దగ్గరికి వెళ్లడమా? ముప్పై ఆరేళ్లకి గిటార్ కొన్నాను, ఇప్పుడు నలభై. ఈ నాలుగేళ్లలో నాలుగు దారులూ తొక్కాను. ‘అన్నీ కలిపి వాడుకోండి’ అని తప్పించుకోవచ్చు గానీ, అలా చెబితే కొత్తగా గిటార్ కొన్నవాళ్లకి ఏం ఉపయోగం?

వీడియోలతోనే మొదలుపెడతాను. గిటార్ పాఠాల పేరుతో నెట్‌లో దొరికేవి రెండు రకాలు. ఒకటి వరస కోర్సు. గిటార్ పట్టుకోవడం నుంచి మొదలై మెట్టు మెట్టుగా సాగుతుంది. రెండోది పాట పాఠం, ‘పది నిమిషాల్లో ఈ పాట వాయించండి’ తరహాది. అందరం రెండో దాని మీద పడతాం, ఎందుకంటే మనకు కావలసింది పాట. నేనూ అదే చేశాను. మొదటి ఆరు నెలల్లో పదకొండు పాటల మొదటి ఇరవై సెకన్లు వచ్చాయి. పూర్తిగా వచ్చిన పాట ఒక్కటీ లేదు. ఎవరైనా ఇంటికొచ్చి ‘ఏదైనా వాయించవయ్యా’ అంటే పదకొండు ముక్కలు వాయించి గిటార్ పక్కన పెట్టేవాణ్ని.

కాబట్టి కొత్తవాళ్లకి నా మాట ఒకటే: మొదటి ఆరు నెలలు కోర్సు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా నుంచి లండన్ వెళ్లిన జస్టిన్ శాండర్‌కో 2003లో మొదలుపెట్టిన జస్టిన్‌గిటార్ సైటులో మొదటి మెట్టు పాఠాలు ఉచితం. ఒక కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది) నుంచి ఇంకో కార్డ్‌కి నిమిషంలో ఎన్నిసార్లు మారగలవో లెక్కపెట్టుకో అంటారాయన. వినడానికి బడి పిల్లల ఎక్కాల్లా ఉంటుంది. కానీ డి కార్డ్ నుంచి ఎ కార్డ్‌కి చూడకుండా చెయ్యి వెళ్లింది ఆ లెక్క వల్లే, పాట పాఠాల వల్ల కాదు.

కార్డ్‌లు కుదిరాక పాట పాఠాలు నిజంగా పనికొస్తాయి. ముఖ్యంగా వేళ్లు చేసే పనిని కాగితం చెప్పలేని చోట. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ తీసుకోండి. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో ఫ్రాంక్ జప్పా కచేరీ నడుస్తుండగా క్యాసినో తగలబడిపోతే, ఆ సంఘటన మీద డీప్ పర్పుల్ వాళ్లు కట్టిన పాట అది. 1972లో వచ్చింది. గిటార్ షాపుల్లో కొత్తవాళ్లందరూ వాయించేది దాని రిఫ్‌నే. ట్యాబ్‌లో చూస్తే రెండు తీగల మీద 0, 3, 5, 6 అంకెలు ఉంటాయి, అంతే. కానీ ఆ బ్యాండ్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ దాన్ని పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) కొట్టడు. రెండు వేళ్లతో రెండు తీగల్నీ ఒకేసారి మీటుతాడు. పిక్‌తో కొడితే ఒక తీగ ముందు, ఇంకోటి వెనక మోగుతాయి. వేళ్లతో మీటితే రెండూ ఒక్క దెబ్బన మోగుతాయి. ఈ తేడా చెబితే సగమే అర్థమవుతుంది, చూస్తే ఒక్క క్షణం. యూట్యూబ్‌లో వీడియో వేగం సగానికి తగ్గించినా శ్రుతి మారదు కాబట్టి వేళ్లను తీరిగ్గా గమనించవచ్చు. వీడియో ఆపి, కీబోర్డు మీద కామా, ఫుల్‌స్టాప్ మీటలతో ఒక్కో ఫ్రేము ముందుకీ వెనక్కీ జరపవచ్చని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఏడాది ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది!

అయితే ఇదే రిఫ్‌ని పవర్ కార్డ్‌లతో (షడ్జం, పంచమం మాత్రమే ఉండే కార్డ్‌లు), పిక్‌తో బాదుతూ ‘ఇదే అసలు పద్ధతి’ అనే వీడియోలూ ఉన్నాయి. బ్లాక్‌మోర్ వాయించే జంట స్వరాల్లో కిందది మంద్ర పంచమం, పైది షడ్జం. పవర్ కార్డ్‌లో అది తిరగబడి షడ్జం కిందికి, పంచమం పైకి వస్తాయి. రెండూ విని చూడండి. రెండోది బరువుగా ఉంటుంది, పాటలోలా సన్నగా కొరికినట్టు ఉండదు. వీడియోతో అసలు చిక్కు ఇక్కడే. తప్పు చెప్పేవాడు కూడా ఒప్పు చెప్పేవాడంత నమ్మకంగానే చెబుతాడు. మంచి కెమెరా, మంచి వెలుతురు, వెనక గోడకి నాలుగు గిటార్లు. మనకేం తెలుస్తుంది?

ఇంకో చిక్కు చాలామంది గమనించరు. కాపీరైట్ భయంతో పాఠం చెప్పేవాళ్లలో ఎక్కువమంది అసలు రికార్డు వినిపించరు. వాళ్ల గిటార్ ఒక్కటే మోగుతుంది. అలా నేర్చుకున్నవాడికి డ్రమ్స్‌తో పాటు ఎక్కడ ఎత్తుకోవాలో తెలియదు. పైగా చాలా పాటల్లో రెండు గిటార్లు ఉంటాయి. ఈగిల్స్ ‘హోటల్ కాలిఫోర్నియా’ చివరి సోలోలో (పాట ఆగి గిటార్ ముందుకొచ్చే భాగం) డాన్ ఫెల్డర్, జో వాల్ష్ మొదట ఒకరి తర్వాత ఒకరు, ఆఖరికి ఇద్దరూ కలిసి వాయిస్తారు. ఆ కలిసి వాయించే చోట వీడియోలో ఒక్కడే కూర్చుని ఒక వరసే చూపిస్తాడు. రెండోది ఏమైందని మనం అడగం.

ఇక ట్యాబ్. ఆరు గీతలు ఆరు తీగలు, అంకెలు ఫ్రెట్లు. పై గీత సన్న తీగ, కింది గీత లావు తీగ. గిటార్ ఒళ్లో పెట్టుకుని చూస్తే తలకిందులుగా అనిపిస్తుంది, వారం రోజుల్లో అలవాటవుతుంది. యూరప్‌లో ల్యూట్ వాద్యానికి ఐదువందల ఏళ్ల కిందటే ఇలాంటి రాత అచ్చయింది, కొత్తదేం కాదు. దీని గొప్ప వేగం. ‘హోటల్ కాలిఫోర్నియా’ కార్డ్‌ల వరస బి మైనర్, ఎఫ్ షార్ప్, ఎ, ఇ, జి, డి, ఇ మైనర్, మళ్లీ ఎఫ్ షార్ప్. ఇరవై నిమిషాల వీడియోలో చెప్పేది ఇక్కడ ఒక్క లైను. కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర అదిమి పట్టే బిగింపు) రెండో ఫ్రెట్‌లో పెట్టుకుంటే అవే ఎ మైనర్, ఇ, జి, డి, ఎఫ్, సి, డి మైనర్, ఇ ఆకారాలవుతాయి. ఒక్క వేలితో తీగలన్నీ అదిమి పట్టే బారే కార్డ్‌లతో చూపుడువేలు విరిగిపోతున్నవాళ్లకి పెద్ద ఊరట (ఎఫ్ ఒక్కటి మిగులుతుంది, దానికి మందు లేదు).

కానీ సాదా ట్యాబ్ తాళం చెప్పదు. ఏ స్వరం ఎంతసేపు నిలవాలో అంకెల మధ్య ఖాళీ చూసి ఊహించుకోవాలి. పాట ముందే చెవిలో ఉంటే ఫర్వాలేదు, లేకపోతే పోస్టర్ చూసి సినిమా కథ చెప్పినట్టే. గిటార్ ప్రో లాంటి సాఫ్ట్‌వేర్‌లో తాళం కూడా రాసి ఉంటుంది, వాయించి వినిపిస్తుంది కూడా. సోలోలకి నేను దాన్నే నమ్ముకుంటాను. వీడియో కంటే అదే మేలు. సోలోలో ఒక చిన్న ముక్కని యాభై సార్లు తిప్పి తిప్పి వినాలి, వీడియోని ప్రతిసారీ వెనక్కి లాగడం నరకం.

చెవి సంగతికి వద్దాం. ఈ పాటలు వాయించినవాళ్లు నేర్చుకున్నది ఇలాగే. యూట్యూబ్ లేదు, ట్యాబ్ చేతికందేది కాదు. నిమిషానికి 33 తిరుగుళ్ల రికార్డుని 16 వేగంలో తిప్పి వినేవారు. పాట సగం వేగానికి తగ్గి, స్వరం ఒక స్థాయి కిందికి దిగేది. మన దగ్గర టేప్ రికార్డర్ రివైండ్ మీట అరిగేదాకా నొక్కినవాళ్లకి ఆ బాధ తెలుసు. పింక్ ఫ్లాయిడ్ ‘విష్ యూ వర్ హియర్’ మొదట్లో ఒక గిటార్ పాత రేడియోలోంచి వస్తున్నట్టు దూరంగా మోగుతుంది, తర్వాత ఇంకో గిటార్ గదిలో పక్కనే కూర్చుని దానితో జత కలుస్తుంది. రేడియో వింటూ ఇంట్లో ఎవరో తోడు వాయిస్తున్నట్టు వినిపించాలనే దాన్ని అలా చేశారు. నాకది చెవితో నేర్చుకునేవాడి బొమ్మలా ఉంటుంది.

చిన్నప్పుడు సరళీ స్వరాలు, జంట స్వరాలు చెప్పించుకున్న తెలుగువాళ్లకి ఇక్కడ ఒక లాభం ఉంది, చాలామందికి తెలియదు. రాక్ సోలోల్లో సగానికి సగం నడిచేది మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల వరస మీద. స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం. అది మన శుద్ధ ధన్యాసి. మేజర్ పెంటటోనిక్ అయితే మోహనం. గమకాలు వేరు, నడక వేరు, రాగభావం అక్కడ వెతక్కూడదు, కానీ మెట్లు అవే. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ రిఫ్ సగమ, సగ అని వెళ్లి ఒక్క క్షణం ప్రతి మధ్యమం తాకి శుద్ధ మధ్యమానికి దిగుతుంది. ఇది నేను వీడియోలో నేర్చుకోలేదు. మా అమ్మ వంటింట్లోంచి విని ‘సగమ అంటున్నావేంట్రా’ అంది. ఎనిమిదేళ్లు సంగీతం నేర్చుకుని పెళ్లయ్యాక మానేసిన మనిషి, డీప్ పర్పుల్ పేరు కూడా వినలేదు.

చెవితో కష్టమల్లా సమయం. మూడు కార్డ్‌ల పాటకి ఒక సాయంత్రం పట్టింది, ‘స్టెయిర్‌వే టు హెవెన్’ మొదటి భాగానికి నెల. అక్కడ కింది స్వరం ఎ నుంచి ఒక్కో అర మెట్టు దిగుతూ ఎఫ్ దాకా వస్తుంది. అది దొరికాక మిగతాదంతా దాని మీద పేర్చినట్టు తెలిసింది. ముందు బేస్ స్వరం (అన్నిటికంటే కింది స్వరం) పట్టుకోండి, కార్డ్ తర్వాత దానంతటదే తెలుస్తుంది. చెవితో నేర్చుకున్న పాట రెండేళ్లు ముట్టకపోయినా నాకు మళ్లీ వచ్చేస్తోంది. వీడియో చూసి నేర్చుకున్నవి నెల మానేస్తే చెయ్యి మర్చిపోతోంది. ఇది నా అనుభవం, అందరికీ ఇలాగే ఉంటుందని అనను.

మాస్టారి గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే ఆయన దగ్గరికి నాలుగు నెలలే వెళ్లాను. చర్చిలో వాయిస్తూ నేర్చుకున్న పెద్దాయన, రాక్ పాటలంటే ఆసక్తి లేదు. ఎడమ మణికట్టు నొప్పి పుడుతోందని వెళితే, నేను వాయించడం రెండు నిమిషాలు చూసి, ‘బాబూ, ఆ బొటనవేలితో మెడ పిసికేస్తున్నావు, కాస్త వదులు’ అన్నారు. ఏడాదిన్నర వీడియోలు చూశాను, ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. ఎలా చెబుతారు? నేను వాళ్లని చూశాను గానీ వాళ్లు నన్ను చూడలేదు కదా. మొదటి ఏడాదిలో నెలకి ఒక్కసారైనా ఎవరో ఒక గిటార్ వచ్చినవాళ్లకి మీ చేతులు చూపించండి. రాక్ తెలియకపోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. కొత్త పాట ఎంచుకోగానే వీడియో తెరవను. రెండు మూడు రోజులు వింటాను, బేస్ స్వరాలు వెతుకుతాను, రికార్డు ఏ శ్రుతిలో ఉందో తంబురా పెట్టుకున్నట్టు ముందే చూసుకుంటాను. తర్వాత ట్యాబ్‌తో సరిచూసుకుంటాను. వేళ్ల పని అర్థం కాని చోట మాత్రమే వీడియో, అది కూడా వీలైతే పాఠం కాదు, ఆ బ్యాండ్ వేదిక మీద వాయిస్తున్న పాత వీడియో. అందులో అబద్ధం ఉండదు. ‘హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్’ లాంటివాటికి చెవి చాలు. ‘హోటల్ కాలిఫోర్నియా’ కార్డ్‌లకి ట్యాబ్, సోలోకి గిటార్ ప్రో.

రోలింగ్ స్టోన్స్ ‘బ్రౌన్ షుగర్’కి మాత్రం వీడియో తప్పదు. కీత్ రిచర్డ్స్ లావు తీగ తీసేసి, మిగిలిన ఐదింటినీ జి, డి, జి, బి, డి అని శ్రుతి చేసుకుంటాడు. మామూలు శ్రుతిలో ఎన్ని కార్డ్‌లు పట్టినా ఆ మోత రాదు. మొన్న ఆ ఐదు తీగల శ్రుతి చేశాను. ఆరో తీగ విప్పడానికి మనసొప్పక అలాగే ఉంచి, దానికి చెయ్యి తగలకుండా వాయిస్తున్నాను.