గేమ్ వికీలో పేజీ పేర్లు: అనువాదం మేలా, తెర మీద ఉన్న పేరే మేలా?

"అన్నా, డైమండ్ స్వోర్డ్ మీద పేజీ పెడుతున్నా. పేరు అట్లనే పెట్టాల్నా, వజ్రపు కత్తి అని పెట్టాల్నా?" మా మైన్‌క్రాఫ్ట్ వికీలోకి కొత్తగా ఎవరు రాయడానికి వచ్చినా మొదటి ప్రశ్న ఇదే. మైన్‌క్రాఫ్ట్ అంటే దిమ్మలతో కట్టుకుంటూ ఆడే వీడియో గేమ్, వికీ అంటే దాని గురించి ఎవరైనా పేజీలు రాసి దిద్దగలిగే సైటు. రాసేవాళ్లలో సగం మంది నల్లగొండ, మిర్యాలగూడ పిల్లలు, మిగతా సగం పాలమూరు వైపు వాళ్లు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో విడివిడిగా చెప్పీ చెప్పీ, ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పకుండా పోయి, చివరికి పోయిన నెల కూర్చుని ఒక పద్ధతికి వచ్చాం.

అంతవరకూ తెచ్చింది ఒక కత్తే. 'డైమండ్ సోర్డ్' అని ఒక పేజీ, 'వజ్రపు కత్తి' అని ఇంకో పేజీ ఏడాది పాటు ఒకే వికీలో ఉన్నాయి, రాసిన ఇద్దరికీ రెండో పేజీ ఉన్నట్టే తెలియదు. ఒకదాంట్లో కత్తి దెబ్బ బలం 7 అని ఉంది, ఇంకోదాంట్లో 8 అని ఉంది. విచిత్రం ఏంటంటే రెండూ నిజమే, ఆటకు రెండు రూపాలు ఉన్నాయి. జావా ఎడిషన్‌లో 7, బెడ్‌రాక్ ఎడిషన్‌లో 8. ఒకరు కంప్యూటర్‌లో ఆడతారు, ఇంకొకరు ఫోన్‌లో ఆడతారు, ఎవరికి కనిపించింది వాళ్లు రాశారు. పేజీ ఒక్కటే అయి ఉంటే ఇద్దరూ అక్కడే ఎదురుపడి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టేవాళ్లు. ఇప్పుడేమో చదివిన పిల్లాడు ఏ పేజీ దొరికితే ఆ అంకె పట్టుకుని పోయాడు.

అనువాదం వైపు వాదనను నేను తక్కువ చేయను, నా మనసు కూడా మొదట అటే ఉండేది. గ్రావెల్ అన్న దానికి 'కంకర' అని రాస్తే ఏ ఊరి పిల్లాడికైనా కళ్ల ముందు కుప్ప కనిపిస్తుంది. తెలుగులో వికీ పెట్టుకున్నదే మన మాటలో చదువుకోవడానికి కదా, పేర్లన్నీ ఇంగ్లీషువే అయితే ఇక మిగిలిందేంటి అని ఒక తమ్ముడు అడిగిన మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. కానీ పని మొదలుపెట్టాక తెలిసింది, అనువాదం ఒక్కటిగా ఉండదు. కంకర అని నేనంటే జడ్చర్ల నుంచి రాసే అబ్బాయి 'మొరం' అన్నాడు, అదీ తప్పు కాదు. కాబుల్‌స్టోన్‌కు ఒకరు గులకరాయి అన్నారు, ఇంకొకరు గుండ్రాయి అన్నారు. రెడ్‌స్టోన్‌ను ఎర్రరాయి చేస్తే, ఆటలో వేరేగా ఉన్న రెడ్ శాండ్‌స్టోన్ గురించి అనుకుని వచ్చేవాళ్లు ఉంటారు, మొదటిది కరెంటులా పనిచేసే పొడి, రెండోది ఇసుకరాయి, రెండింటికీ పొంతనే లేదు. పైగా ఆటలో పేర్లు మారుతుంటాయి. 2020లో నెథర్ అప్‌డేట్ వచ్చినప్పుడు జాంబీ పిగ్‌మ్యాన్ అనే జీవి కాస్తా జాంబిఫైడ్ పిగ్లిన్ అయింది. తర్వాతి ఏడాది 'గ్రాస్ పాత్' అనే దిమ్మ 'డర్ట్ పాత్' అయింది. తెర మీది పేరే వాడితే పేజీని కొత్త పేరుకు తరలిస్తే చాలు. అనువాదమైతే కొత్త మాట పుట్టించాలి, దాని మీద మళ్లీ పది మంది ఒప్పుకోవాలి.

వాక్యంలో ఇమడడం కూడా చూసుకోవాలి. 'డైమండ్' అని పేజీ ఉంటే లింకు పక్కన 'ను', 'తో', 'లు' తగిలిస్తే సరిపోతుంది. 'వజ్రం' అయితే వజ్రాన్ని, వజ్రానికి, వజ్రాలు అని మాటే మారిపోతుంది కాబట్టి ప్రతి చోటా లింకులో పేజీ పేరు, నిలువు గీత, ఆ తర్వాత వాక్యంలో కనిపించాల్సిన మాట అని విడిగా రాసుకోవాలి. ఒక పేజీలో ఇరవై సార్లు వస్తే ఇరవై సార్లూ అదే పని.

అయినా నన్ను తేల్చుకోనిచ్చింది ఇవేవీ కాదు. ఇద్దరికి పేరు మీద మాట కలవకపోతే ఎవరినీ అడగకుండా తేల్చుకోగలగాలి. తెర మీద ఉన్న పేరు అయితే ఆట తెరిచి, ఆ వస్తువు మీద వేలు పెట్టి చూసుకుంటారు, అయిపోతుంది. అనువాదం అయితే నాకు ఫోన్ చేయాలి. నేను ఎత్తకపోతే ఎవరికి నచ్చింది వాళ్లు పెడతారు, మళ్లీ రెండు కత్తుల కథే. అందుకే తెర మీద ఉన్న పేరును తెలుగు లిపిలో రాయడమే మేలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు, ఎందుకంటే తెలుగు లిపిలో రాయడం అన్నది కూడా ఒక్కటిగా ఉండదు. సోర్డ్, స్వోర్డ్, స్వార్డ్ మూడూ మా దగ్గర ఉన్నాయి. ఇంగ్లీషులో మధ్య అక్షరం పలకరు కాబట్టి సోర్డే సరి అని ఒకరు, మనవాళ్లు వెతికేటప్పుడు కొట్టేది స్వోర్డ్ అని ఒకరు. ఇక్కడ సరైనది ఏది అన్న ప్రశ్నే వదిలేయమని చెప్పాను. ఏదో ఒకటి పెట్టుకుని, కత్తులన్నింటికీ అదే ఉండాలి. స్వోర్డ్ పెట్టుకున్నాం. అన్నింటికన్నా తిప్పలు పెట్టింది 'బ్లాక్'. నలుపుకూ అదే రాస్తాం, దిమ్మకూ అదే రాస్తాం. 'బ్లాక్ కాంక్రీట్' అని చూస్తే అది నల్ల కాంక్రీటా, కాంక్రీట్ దిమ్మా? ఆటలో మాత్రం దాని అర్థం నలుపే. దిమ్మకు బ్లాక్, నలుపుకు బ్ల్యాక్ అని విడదీశాం. రాయడానికి కొంచెం కొత్తగా ఉంటుంది, వారం రోజులకు చేయి అలవాటు పడింది.

కంటికి కనిపించని తేడా ఇంకోటి ఉంది, దాని గురించి మాత్రం కాస్త ఓపికగా చదవండి. ఎండర్‌మ్యాన్ అనే జీవి పేరు రాసేటప్పుడు 'ర్' తర్వాత 'మ' కిందికి దిగి ఒత్తు కాకుండా ఆపేది ఒక కనిపించని అక్షరం, కొన్ని కీబోర్డులు అడగకుండానే వేస్తాయి, కొన్ని వేయవు. దాంతో ఎండర్‌మ్యాన్, ఎండర్మ్యాన్, ఎండర్ మ్యాన్ అని మూడు పేజీలు తయారవుతాయి. ఇవైనా కంటికి తెలుస్తాయి. ఆ అక్షరం మాట చివర ఉంటే అసలు తెలియదు. ఒకసారి క్రీపర్ అనే ఇంకో జీవి పేజీకి ఇచ్చిన లింకు ఎర్రగా, అంటే పేజీ లేనట్టు, కనిపిస్తోంది, పేజీ మాత్రం ఉంది, పేరు అక్షరం అక్షరం పోల్చి చూశా, తేడా లేదు. చివర కర్సర్ పెట్టి వెనక్కి చెరిపే మీట ఒక్కసారి నొక్కాను. తెర మీద ఏమీ కదల్లేదు, ఏ అక్షరమూ పోలేదు, భద్రపరచగానే లింకు నీలం రంగులోకి వచ్చింది. 'క్రీపర్‌ను' అన్న మాట నుంచి 'ను' తీసేసి పేస్ట్ చేసినప్పుడు ఆ కనిపించనిది వెంట వచ్చింది. ఎందుకు దొరకడం లేదని ఇద్దరు పిల్లలు రెండు సాయంత్రాలు దీని మీదే టెన్షన్ పడ్డారు.

దీనికీ తెర మీది పేరే ఆధారం. ఆటలో ఒకే మాటగా ఉంటే కలిపి రాయాలి, ఎండర్‌మ్యాన్, రెడ్‌స్టోన్, నెథర్‌రాక్. రెండు మాటలైతే ఖాళీ ఇవ్వాలి, ఎండర్ పెర్ల్, ఎండర్ డ్రాగన్. మాట చివర కనిపించని అక్షరం ఉండకూడదు.

ఇంకో రెండు మూడు దారులు ఉన్నాయి. పేరును ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచడం: పెద్దక్షరం, చిన్నక్షరం గొడవ కూడా నెత్తిన పడుతుంది, తెలుగులో అది లేనే లేదు, వదిలేయండి. బహువచనం: జాంబీలు వద్దు, జాంబీ చాలు. ప్రతి పేరు పక్కనా బ్రాకెట్‌లో రకం రాయడం: రెండు వేర్వేరు వాటికి ఒకే పేరు వచ్చిన చోట తప్ప అవసరం లేదు. పేరు పొడవుకు 255 బైట్ల హద్దు ఉంది, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పోతాయి, 'క్రా' ఒక్కదానికే నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. పొడుగు బ్రాకెట్లు పెట్టే అలవాటు ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మిగతా పేర్లను పారేయమని నేను అనడం లేదు. మా ఊరినే చూడండి, నల్లగొండ అని రాస్తారు, నల్గొండ అని రాస్తారు, బస్సు రెండింటికీ ఒకటే. మహబూబ్‌నగర్ బోర్డు చూసి పాలమూరు పోవాలనుకున్న పెద్దమనిషి ఎక్కకుండా ఆగడు. వికీలో ఆ పని చేసేది దారిమార్పు, అంటే ఒక పేరు కొడితే ఇంకో పేరున్న పేజీకి తీసుకెళ్లేది. వజ్రపు కత్తి, సోర్డ్, స్వార్డ్, జాంబీ పిగ్‌మ్యాన్, కంకర, మొరం, అన్నీ దారిమార్పులుగా ఉండాలి, ఎన్ని ఉంటే అంత మంచిది. అసలు పేజీ మాత్రం ఒక్కటే.

ఆవు దగ్గర మాత్రం ఇప్పటికీ నా మనసు ఒప్పుకోవడం లేదు. ఆడుతూ ఏ పిల్లాడూ "కౌ దొరికింది" అనడు, "అన్నా, ఆవు దొరికింది" అనే అంటాడు. కోడి ఇంకా కష్టం, మన ఇళ్లలో చికెన్ అంటే కూర, ఆటలో చికెన్ అంటే ప్రాణంతో తిరిగే కోడి, మాంసానికి రా చికెన్ అని వేరే పేరు ఉంది. జంతువులకు తెలుగు పేర్లే పెడదామని చాలాసేపు అనుకున్నాం. మరి స్పైడర్‌ను సాలీడు చేస్తే కేవ్ స్పైడర్‌ను ఏం చేయాలి, ఆవుకూ పుట్టగొడుగుకూ ముడిపెట్టిన మూష్‌రూమ్‌ను ఎలా రాయాలి అన్న దగ్గర ఆగిపోయాం. చివరికి పేజీ పేర్లు కౌ, చికెన్ అనే ఉన్నాయి, ఆవు, కోడి దారిమార్పులు, పేజీ మొదటి వాక్యం "కౌ అంటే ఆవు" అని మొదలవుతుంది. పేజీలను గుంపులుగా చేర్చే వర్గాలకు మాత్రం తెలుగే, జంతువులు, ఆయుధాలు, పంటలు అని, ఎందుకంటే వాటికి తెర మీద చూసి పోల్చుకునే పేరు లేదు.

ఎంచుకున్న స్పెల్లింగులన్నీ ఇప్పుడు ఒక పేజీలో రాసిపెట్టాం. కొత్త పేజీ పెట్టే ముందు అందులో చూడండి. మీకు కావాల్సిన మాట అక్కడ లేకపోతే, ముందు దాన్ని అందులో చేర్చి, ఆ తర్వాతే పేజీ మొదలుపెట్టండి.