ఎలక్ట్రిక్ కారులో అడాస్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

ఎలక్ట్రిక్ కారు కొనాలనుకునేవారు రేంజ్ గురించి, చార్జింగ్ గురించి అడిగినంతగా సాఫ్ట్‌వేర్ గురించి అడగరు. లెవెల్ 2 అడాస్ (వేగం, బ్రేకు, స్టీరింగు విషయంలో డ్రైవరుకు సాయపడే వ్యవస్థ) ఉన్న ఒక ఎలక్ట్రిక్ ఎస్‌యూవీని రెండేళ్లకు పైగా హైదరాబాద్ నగరంలోనూ, ఔటర్ రింగ్ రోడ్డు మీదా, విజయవాడ జాతీయ రహదారి మీదా నడుపుతున్నాను. ఇన్నాళ్ల వాడకంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచిన విషయం, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కారు బ్రేకు వేసే తీరు, స్టీరింగును లాగే తీరు ఎంతో కొంత మారుతుండడం, ఆ మార్పేమిటో యజమానికి విడమరచి చెప్పేవారు లేకపోవడం. ఇతర సంస్థల కార్లు వాడుతున్న మిత్రులు కూడా దాదాపు ఇదే చెబుతున్నారు కనుక నా కారు తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు.

ఆటోమోటివ్ ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ రూపొందించిన జె3016 ప్రమాణం ప్రకారం డ్రైవింగ్ ఆటోమేషన్‌కు 0 నుంచి 5 వరకు ఆరు స్థాయిలున్నాయి. లెవెల్ 2లో కారు వేగాన్నీ స్టీరింగునూ ఒకేసారి చూసుకోగలదు; కానీ రోడ్డును గమనించే బాధ్యత, అవసరమైన క్షణంలో నియంత్రణ తీసుకునే బాధ్యత పూర్తిగా డ్రైవరువే. షోరూముల్లో మొదటి విషయం వివరంగా చెబుతారు, రెండోది క్లుప్తంగా ముగిస్తారు.

అడాస్ మంచితనం చూడాలంటే ఔటర్ రింగ్ రోడ్డే సరైన చోటు. 158 కిలోమీటర్ల పొడవు, ఎనిమిది లేన్లు, లోపలి లేన్లలో గంటకు 120 కిలోమీటర్ల వేగపరిమితి, చాలా వరకు స్పష్టంగా కనిపించే గీతలు, ఎదురు వచ్చే వాహనాలు లేకపోవడం: ఈ వ్యవస్థను ఏ రోడ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందించారో ఇది అలాంటి రోడ్డు. అక్కడ ముందు వాహనాన్ని బట్టి వేగాన్ని తానే సర్దుకునే అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ పెట్టుకుంటే కుడికాలికి నిజమైన విశ్రాంతి దొరుకుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది కనుక, ముందున్న వాహనానికి కనీసం రెండు సెకన్ల ఎడం, అంటే 55 మీటర్ల పైచిలుకు, ఉండేలా నేను గ్యాప్ సెట్టింగును ఎక్కువలోనే ఉంచుతాను. ఎలక్ట్రిక్ కారులో ఈ క్రూజ్ మరింత హాయిగా ఉండడానికి కారణం రీజెన్ (రీజెనరేటివ్ బ్రేకింగ్). ముందు వాహనం నెమ్మదిస్తే మోటారే జనరేటరుగా మారి, కుదుపు లేకుండా వేగం తగ్గిస్తుంది. అయితే బ్యాటరీ నూటికి నూరు శాతం నిండి ఉన్నప్పుడు ఆ విద్యుత్తును తీసుకోవడానికి చోటుండదు. అప్పుడు మామూలు బ్రేకుల మీదే ఎక్కువగా ఆధారపడాలి, దాంతో కారు ఆగే తీరు తేడాగా ఉంటుంది. ఇంట్లో ఫుల్ చార్జ్ చేసి బయలుదేరేవారు మొదటి కొన్ని కిలోమీటర్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

విజయవాడ రహదారి సంగతి వేరు. యూటర్న్ దూరమని ఊళ్ల దగ్గర రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, డివైడర్ సందులోంచి హఠాత్తుగా తోవ దాటేవారు, వెనుక లైటూ రిఫ్లెక్టరూ లేకుండా పత్తి మూటలతో సాగే ట్రాక్టర్లు అక్కడ మామూలే. వీటిలో బైకును కెమెరా చాలాసార్లు గుర్తిస్తుంది, కానీ అడ్డంగా వచ్చేవాటి విషయంలో దాని మీద భరోసా పెట్టుకోలేం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది లేన్‌లో సగం వరకు ఆగివున్న లారీ. రోడ్డు పక్క బోర్డులను, వంతెనలను చూసి కారు ఉత్తపుణ్యానికి బ్రేకు వేయకుండా ఉండేందుకు, చాలా క్రూజ్ వ్యవస్థలు రాడార్ సంకేతాల్లో కదలని వస్తువులకు తక్కువ ప్రాధాన్యమిస్తాయి. కదులుతున్న వాహనం వెనుక చక్కగా నెమ్మదించే కారు, వేగంగా పోతున్నప్పుడు ఎదుట నిలిచివున్న లారీని ఆలస్యంగా గుర్తించవచ్చు, అసలు గుర్తించకపోవచ్చు కూడా. ఓనర్స్ మాన్యువల్‌లో ఈ హెచ్చరిక ఉంటుంది. దాన్ని చదవకుండా రాత్రిపూట ఆ రోడ్డు మీద క్రూజ్ వాడవద్దని నాకు తెలిసిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

కారును గీతల మధ్య ఉంచడానికి స్టీరింగును తిప్పే లేన్ కీప్ అసిస్ట్‌ను ఆ రహదారి మీద నేను వాడడం మానేశాను. ఫ్లైఓవర్ పనుల కోసం దారి మళ్లించిన చోట పాత గీతా కొత్త గీతా రెండూ కనిపిస్తాయి. కారు పాత గీతను పట్టుకుని బారికేడ్ల వైపు లాగినప్పుడు స్టీరింగును గట్టిగా వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

ఇక అప్‌డేట్లు. మలుపులో పక్క లేన్ లారీని చూసి కారు అకారణంగా బ్రేకు వేయడం మొదట్లో తరచుగా జరిగేది. వెనుక వాహనం దగ్గరగా ఉంటే అది చిన్న విషయం కాదు. ఒక అప్‌డేట్ తర్వాత అది స్పష్టంగా తగ్గింది, అందుకు నేను నిజంగా సంతోషించాను. కానీ మరో అప్‌డేట్ తర్వాత అదే గ్యాప్ సెట్టింగులో కారు ముందు వాహనానికి మరింత దగ్గరగా వెళ్లసాగింది. లేన్ అసిస్ట్‌లో నేను తగ్గించి పెట్టుకున్న స్టీరింగ్ పట్టు తిరిగి కంపెనీ సెట్టింగుకు మారిపోయింది. ఈ రెండు సందర్భాల్లోనూ స్క్రీన్ మీద కనిపించిన వివరణ ఒక్కటే: పనితీరు మెరుగుపడింది, కొన్ని లోపాలు సరిదిద్దాం. రాడార్‌కు సంబంధించిన ఒక అప్‌డేట్ సర్వీస్ సెంటర్‌లోనే చేయించాల్సి వచ్చింది. జాబ్ కార్డు మీద ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ అని తప్ప ఇంకేమీ రాయలేదు, అడిగితే అక్కడి సిబ్బందికీ తెలియదు. బ్రేక్ ప్యాడ్లు మారిస్తే ఏ పార్టు, ఎంత ధర అని బిల్లులో రాసేవారు, బ్రేకు ఎప్పుడు వేయాలో నిర్ణయించే ప్రోగ్రాం మారిస్తే ఏమీ రాయకపోవడం నాకు ఆమోదయోగ్యం కాదు.

సాఫ్ట్‌వేర్ బ్రేకులను ఎంతగా మార్చగలదో 2018లోనే లోకానికి తెలిసింది. అమెరికాలో కన్జ్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ చేసిన పరీక్షలో టెస్లా మోడల్ 3 గంటకు 60 మైళ్ల వేగం నుంచి ఆగడానికి 152 అడుగులు తీసుకుంది. ఇంటర్నెట్ ద్వారా పంపిన ఒక్క అప్‌డేట్‌తో అది 133 అడుగులకు తగ్గింది. 2023 డిసెంబరులో టెస్లా, ఆటోపైలట్ అనే తన డ్రైవర్ సహాయ వ్యవస్థ వాడకంలో డ్రైవర్ శ్రద్ధను పర్యవేక్షించే విధానం చాలడం లేదన్న కారణంతో 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసింది. ఆ రీకాల్‌కు పరిష్కారం కూడా సాఫ్ట్‌వేర్ అప్‌డేటే. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లోని ఆర్156 నిబంధన, అప్‌డేట్ ఎందుకు ఇస్తున్నారో, ఏ పనులు మారుతున్నాయో, ఎంత సమయం పడుతుందో ముందే వాడకందారుకు తెలపాలని చెబుతుంది. మన దేశంలో ఇదే అంశం మీద ఏఐఎస్-190 (ఆటోమోటివ్ ఇండస్ట్రీ స్టాండర్డ్) ప్రమాణం తయారైంది. దాన్ని అమలు చేసేటప్పుడు, మారిన పనుల జాబితా తెలుగులోనూ కారు స్క్రీన్ మీద కనిపించాలన్నది నా గట్టి కోరిక. మన ఇళ్లలో ఒక కారును నలుగురు నడుపుతారు, దూరప్రయాణానికి యాక్టింగ్ డ్రైవర్‌ను పిలుస్తారు. వాళ్లెవరూ యజమాని ఫోన్‌కు వచ్చిన నోటిఫికేషన్ చూడరు. మా ఇంట్లో మాత్రం డ్రైవర్‌కు తాళం ఇచ్చే ముందు లేన్ అసిస్ట్ ఆపి, అది మళ్లీ ఆన్ అయితే స్టీరింగ్ దానంతట అది లాగే అవకాశముందని చెప్పి మరీ ఇస్తున్నాం.

అప్‌డేట్ పెట్టేటప్పుడు కారు నడపడానికి వీలుండదు, కొన్ని కార్లలో చార్జింగ్ తీసేయాలి, 12 వోల్టుల చిన్న బ్యాటరీలో తగినంత శక్తి ఉండాలి. అందువల్ల ప్రయాణం ముందురోజు రాత్రి పెట్టకపోవడమే మేలు. పెట్టిన తర్వాత వెర్షన్ నంబరును ఫొటో తీసి ఉంచుకుని, సెట్టింగులన్నీ ఒకసారి చూసుకుని, రద్దీ లేని వేళ తెలిసిన రోడ్డు మీద క్రూజ్‌నూ లేన్ అసిస్ట్‌నూ విడివిడిగా పరీక్షిస్తాను.

ఇన్ని చెప్పినా, ఔటర్ మీద రోజూ తిరిగేవారికి అడాస్ ఉన్న వేరియంటుకు పెట్టే అదనపు ఖర్చు న్యాయమైనదే. ఎక్కువగా ఊళ్లోనే తిరిగేవారికి బ్లైండ్ స్పాట్ హెచ్చరిక, 360 డిగ్రీల కెమెరా చాలు. కొనే ముందు ఒక ప్రశ్న తప్పక అడగండి. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ అని చాలా సంస్థలు కాగితం మీద రాసిస్తున్నాయి. అడాస్‌కు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో, కనెక్టెడ్ సర్వీసు ఉచిత గడువు ముగిశాక భద్రతకు సంబంధించినవి కూడా డబ్బు కట్టి తీసుకోవాలో లేదో, అది కూడా రాసిమ్మని అడగండి.