పిల్లలతో హైడెల్‌బర్గ్ వెళ్తున్నారా? టికెట్లు కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఊళ్లలో హైడెల్‌బర్గ్ ఒకటి. కోట, పాత వంతెన, నెకర్ నది అన్నీ దగ్గర దగ్గరే, పిల్లలకూ విసుగు రాదు. డబ్బు పోయేదల్లా టికెట్ల దగ్గరే, అదీ ఎక్కువగా బిడ్డకు ఆరేళ్లు నిండిన ఇళ్లలో.

అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది డాయిచ్‌లాండ్ టికెట్ దగ్గర, అంటే జర్మనీ అంతా రీజినల్ రైళ్లు, సిటీ బస్సులు, ట్రామ్‌లు ఎక్కనిచ్చే నెలవారీ టికెట్ దగ్గర. అమ్మానాన్నలిద్దరికీ ఉంది కాబట్టి ఏడేళ్ల పాప ఊరికే వచ్చేస్తుందనుకుంటారు. రాదు. ఆ టికెట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లొక్కరికే. ఆరేళ్లలోపు పిల్లలకు ఏ టికెట్టూ అక్కర్లేదు గానీ, ఆరో పుట్టినరోజు దాటిందంటే విడిగా కొనాల్సిందే. ఐసీఈ అనే వేగంగా పోయే దూరప్రయాణపు రైళ్లలో పెద్దవాళ్లతో వెళ్తే 14 ఏళ్ల వరకు పిల్లలకు డబ్బు తీసుకోరు, అందుకే ఇక్కడా అంతే అనుకుంటారు. టికెట్ లేకుండా దొరికితే జరిమానా 60 యూరోలు. పాపకు ఆ ఒక్కరోజుకు పిల్లల టికెట్ తీసుకుంటే సరిపోతుంది.

ఒక్క ట్రిప్పు కోసం డాయిచ్‌లాండ్ టికెట్ కొనేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. 2026 జనవరి నుంచి దాని ధర 63 యూరోలు. 20వ తారీఖున కొన్నా ఆ నెలాఖరుతోనే అయిపోతుంది. పైగా అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. డీబీ (జర్మన్ రైల్వే) దగ్గర కొన్నదైతే ఆ నెల 10వ తారీఖులోపు రద్దు చేయాలి, లేకపోతే వచ్చే నెల డబ్బు కూడా ఖాతాలోంచి పోతుంది. వాట్సాప్ గ్రూపుల్లో "నాకు ఈ నెల అక్కర్లేదు, సగం ధరకి ఇస్తా" అని వచ్చే మెసేజీలను మాత్రం అస్సలు నమ్మకండి. టికెట్‌తో పాటు గుర్తింపు కార్డు అడుగుతారు. వేరేవాళ్ల పేరుంటే అది చెల్లదు, స్క్రీన్‌షాట్ అసలే చెల్లదు.

డాయిచ్‌లాండ్ టికెట్ లేనివాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లు క్వేర్ డుర్క్స్ లాండ్ అనే ఒక్కరోజు టికెట్ చూడండి. ఐదుగురి దాకా కలిసి వెళ్లొచ్చు. మామూలు రోజుల్లో పొద్దున 9 తర్వాతే పనికొస్తుంది, శని ఆదివారాల్లో ఆ అడ్డు లేదు. రీజినల్ రైళ్లు, ఎస్-బాన్ అనే లోకల్ రైళ్లు ఎక్కొచ్చు. ఐసీఈ, ట్రామ్, సిటీ బస్సు ఎక్కకూడదు. హైడెల్‌బర్గ్ మెయిన్ స్టేషన్ నుంచి పాత ఊరు రెండు మూడు కిలోమీటర్ల దూరం. చాలామంది ఇక్కడే ఏమీ ఆలోచించకుండా ట్రామ్ ఎక్కి దొరికిపోతారు. మెయిన్ స్టేషన్‌లోనే ఎస్-బాన్ ఎక్కి హైడెల్‌బర్గ్ ఆల్ట్‌స్టాట్ (పాత ఊరి స్టేషన్)లో దిగండి, అదే టికెట్ చాలు.

డార్మ్‌స్టాట్, బెన్స్‌హైమ్, వైన్‌హైమ్ మీదుగా వెళ్లే రీజినల్ రైళ్లలో కొన్ని దారిలో రెండుగా విడిపోతాయి. ఒక ముక్క మాన్‌హైమ్‌కి, ఇంకోటి హైడెల్‌బర్గ్‌కి. బోగీ మీద బోర్డు చదివి ఎక్కండి, పిల్లల్ని ఒక బోగీలో, సామాన్లను ఇంకో బోగీలో పెట్టకండి.

ఐసీఈలో చౌకగా దొరికే జూపర్ స్పార్‌ప్రైజ్ కొంటుంటే, డబ్బు కట్టేముందు ప్రయాణికుల లైను ఒకసారి చూడండి: పెద్దలు ఇద్దరు, పిల్లలు ఒకరు అని కనిపించాలి. 6 నుంచి 14 ఏళ్ల బిడ్డకు ఉచితమే, కానీ టికెట్‌లో చేర్చి ఉంటేనే. ఈ టికెట్ ఆ రైలుకే కట్టుబడి ఉంటుంది, రద్దు చేసినా డబ్బు వెనక్కి రాదు. బిడ్డకు జ్వరం వస్తే మొత్తం పోయినట్టే. రైలు 20 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా చేరుతుందని తేలితే మాత్రం వేరే రైలు ఎక్కొచ్చు. పాత పోస్టుల్లో కనిపించే 10.40 యూరోల ఫ్యామిలీ రిజర్వేషన్‌ను 2025 జూన్‌లో ఎత్తేశారు. ఇప్పుడు ప్రతి సీటుకూ విడిగా కట్టాలి, బిడ్డ సీటుకు కూడా.

ఇక కోట సంగతి. మధ్యవర్తి సైట్లు కోట టికెట్‌నే "స్పెషల్ ఎంట్రీ" అని పేరు మార్చి ఎక్కువ ధరకు అమ్ముతుంటాయి. అసలు ష్లాస్ టికెట్ (కోట టికెట్)లోనే పాత ఊళ్లోని కోర్న్‌మార్క్ట్ నుంచి కోట దాకా కేబుల్ రైలు రానూపోనూ, లోపలి ఆవరణ, ఫార్మసీ మ్యూజియం, పెద్ద పీపా అన్నీ కలిసి ఉంటాయి. ఆ పీపా 1751 నాటిది, రెండు లక్షల లీటర్లకు పైగా వైన్ పడుతుంది. చెక్క మెట్లెక్కి దాని నెత్తిమీదికే వెళ్లొచ్చు, పిల్లలకు కోటలో అన్నిటికన్నా నచ్చేది అదే. రాజమందిరం గదులు ఈ టికెట్‌లో రావు, వాటికి గైడ్ టూర్ వేరుగా కొనాలి. కోట పైన కోనిగ్‌స్టూల్ కొండ దాకా వెళ్లే పాత చెక్క రైలు కూడా రాదు. పిల్లలు ఎలాగూ అడుగుతారు, కాబట్టి పైదాకా వెళ్లే ఆలోచన ఉంటే ముందే కిందనే పైవరకూ ఉన్న టికెట్ అడిగి తీసుకోండి. కోట తోటకు, అక్కడి నుంచి ఊరంతా కనిపించే మిద్దెకు టికెట్టే అక్కర్లేదు, డబ్బు కట్టమనే సైట్‌ను మూసేయండి.

కేబుల్ రైలును ఏటా కొన్ని రోజులు తనిఖీ కోసం ఆపుతారు. వెళ్లే రోజు నడుస్తోందో లేదో వాళ్ల సైట్‌లోనే చూసుకోండి. ఆగిపోతే నడిచే వెళ్లాల్సి రావచ్చు, మెట్ల దారిలో 315 మెట్లు ఉంటాయి. ఆ రోజు స్ట్రోలర్ ఇంట్లో వదిలేసి బిడ్డను ఎత్తుకునే బెల్ట్ తెచ్చుకోండి.