కాటా మాడ్యూల్ కొనేవారు జాగ్రత్త: డబ్బు కట్టే ముందు జార్ ఫైలు విప్పి చూడండి

ఆదోనిలోని ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కల సాఫ్ట్‌వేర్ చూసుకునే పని నాది. గత అక్టోబరులో పత్తి రాక మొదలవుతుండగా, వేబ్రిడ్జి తూకాన్ని నేరుగా మా ప్రోగ్రామ్‌లోకి తెచ్చే జావా మాడ్యూల్‌ను ఒక సంస్థ దగ్గర 38,000 రూపాయలకు కొన్నాం. ప్రోగ్రామ్ ఆపనక్కరలేదనీ, దాని జార్ ఫైలును (జావా కోడ్ మూటను) ప్లగిన్ల, అంటే అదనపు భాగాల ఫోల్డరులో వేస్తే నడుస్తుండగానే ఎక్కుతుందనీ వారు చెప్పారు. ఎక్కిన మాట నిజమే. అయితే మొదటి లారీకి చీటీ తీయబోతే, కాటాచీటీ క్లాసును (చీటీ ఎలా ఉండాలో చెప్పే కోడ్ నమూనాను) కాటాచీటీ క్లాసుగా మార్చడం కుదరదని తెర మీద వచ్చింది. రెండు పేర్లలో అక్షరం తేడా లేదు. గుమాస్తా నవ్వాడు గానీ, వెనక ఆరు లారీలు నిలబడి ఉండగా నాకు నవ్వు రాలేదు. ఆ రోజు చీటీలన్నీ చేత్తోనే రాశాం.

జావాలో క్లాసు పేరు ఒక్కటే చాలదు, దాన్ని ఏ క్లాస్‌లోడర్ (క్లాసులను ప్రోగ్రామ్‌లోకి ఎక్కించే భాగం) ఎక్కించిందో కూడా కలిస్తేనే అది ఒక టైపు అవుతుంది. మా ప్లగిన్ లోడర్ ముందుగా ప్లగిన్ జార్‌లోనే వెతుకుతుంది. ప్రోగ్రామూ మాడ్యూలూ రెండూ వాడే ఉమ్మడి క్లాసులు మా ప్రోగ్రామ్‌లో ఉన్నా, అమ్మినవారు వాటి నకలు తమ జార్‌లోనూ పెట్టారు. దాంతో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గల ఇద్దరు వేర్వేరు మనుషుల్లా రెండు టైపులు తయారయ్యాయి. వారి ఆఫీసులో డెమో మామూలు క్లాస్‌పాత్‌తో (జావా క్లాసుల కోసం వెతికే చోట్ల జాబితాతో), ఒకే లోడర్‌తో నడిచింది కాబట్టి ఈ తప్పు బయటపడలేదు.

ఇందులో జావాను తప్పుపట్టను. రెండు లోడర్ల మధ్య ఒకే పేరుతో క్లాసులను తారుమారు చేసి టైపు భద్రతను (ఒక రకం డేటాను ఇంకో రకంగా వాడనివ్వని కాపలాను) దాటవచ్చని 1997లో కంప్యూటర్ శాస్త్రవేత్త విజయ్ సరస్వత్ చూపించాకనే, జావా 1.2లో లోడర్ నిబంధనలు తెచ్చి ఆ సందు మూశారు. తప్పుడు తూకం ఖాతాలో పడడం కన్నా పని ఆగిపోవడమే మేలు.

మూడు రోజులపాటు వారు రీస్టార్ట్ చేయమనే చెప్పారు. జార్ అంటే జిప్ ఫైలే కనుక, చివరకు నేనే విప్పి ఆ నకలు తీసేశాను. నిండు లారీ తూకం వచ్చింది. ఖాళీ లారీ తూకం దగ్గర మళ్లీ ఆగింది, ఎందుకంటే వారు రాసింది మా పాత ఇంటర్‌ఫేస్‌కు (మాడ్యూల్ ఏయే పనులు చేయాలో చెప్పే జాబితాకు), కొత్తగా చేర్చిన మెథడ్ (అలాంటి ఒక పని చేసే కోడ్) అందులో లేదు. ఇలాంటి లోపం ఎక్కించేటప్పుడు కనిపించదు, ఆ మెథడ్‌ను పిలిచినప్పుడే తెలుస్తుంది.

కనుక కొనేవారు జార్ విప్పి ఉమ్మడి ప్యాకేజీ లోపల ఉందేమో చూడండి, ఏ వెర్షన్ ఇంటర్‌ఫేస్‌కు రాశారో కాగితం మీద తీసుకోండి, మీ ఫోల్డరులోనే నిండు, ఖాళీ తూకాలతో పూర్తి చీటీ వచ్చేదాకా సగం డబ్బు ఆపండి. మేము మొత్తం ముందే కట్టేశాం. సీజన్ అయ్యాక చూద్దామని అంటున్నారు.