కరెంటు లేని చోట బస: బ్యాటరీకి ఏ చోటు మేలు?

మోటార్‌హోమ్‌లో, అంటే ఇంటి వసతులున్న బండిలో, తిరిగేవారు బస గురించి చెప్పేటప్పుడు దృశ్యం, నీళ్లు, ప్రశాంతత చూస్తారు. నేను వాటితో పాటు బ్యాటరీ ఎంత నిండిందో కూడా చూస్తాను. కరెంటు కనెక్షన్ లేని చోట ఎన్నాళ్లు ఉండగలమో తేల్చేది అదే. మా బండిలో 12 వోల్టుల లిథియం బ్యాటరీలు 200 ఆంపియర్ అవర్లవి (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు వాడితే ఒక ఆంపియర్ అవర్), పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి.

మొదటి మజిలీ దట్టమైన చెట్ల కింద. మండు వేసవిలో అంత హాయైన చోటు మరొకటి దొరకదు, కానీ ఛార్జింగ్‌కు మాత్రం పనికిరాదు. ప్యానెల్‌లో సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కనుక, ఒక మూల కొమ్మ నీడ పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. నడిమధ్యాహ్నం కూడా మీటరు 2 ఆంపియర్లు దాటలేదు. కంప్రెసర్ ఫ్రిజ్ ఒక్కటే రోజుకు 30 నుంచి 40 ఆంపియర్ అవర్లు లాగేస్తుంది. బండిని నీడలో ఉంచి, మడత ప్యానెల్‌ను ఎండలో పరచుకోగలిగితే ఈ చోటుకు సాటి లేదు. అయితే తీగ మందంగా ఉండాలి. సన్నని పొడవాటి తీగలో వోల్టేజీ దారిలోనే తగ్గిపోతుంది.

సరస్సు ఒడ్డున నీడే లేదు. లోపల ఉక్కపోసింది, గాలి విసిరికొట్టింది. అయినా సాయంత్రానికి 60 ఆంపియర్ అవర్లకు పైగా వచ్చి చేరాయి. నా ఓటు దీనికే. చలికాలంలో మాత్రం సూర్యుడు కిందుగా ఉంటాడు; పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్ అప్పుడు అందులో కొంతే ఇస్తుంది.

కరెంటు ఇచ్చే క్యాంపులో ఒక రాత్రి ఉండటం మాకు అనవసరమే అనిపించింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్నవారికి మాత్రం అది చాలా విలువైనది. అందులో చివరి 20 శాతం నిండడానికి గంటల తరబడి పడుతుంది. పూర్తిగా నింపకుండా రోజుల తరబడి వాడితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి సామర్థ్యం తగ్గిపోతుంది. లిథియానికి ఆ బెడద లేదు, కానీ సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చేయకూడదు.

దారిలో ఒక వర్క్‌షాప్‌లో షంట్ మీటరు (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటును లెక్కపెట్టేది), 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ (బండి నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చి నింపేది) పెట్టించాం. ఆ ఎలక్ట్రీషియన్ ఏదీ అమ్మకముందే మా రోజువారీ వాడకం అడిగి కాగితం మీద లెక్క వేశాడు. అలాంటివారి దగ్గరికే వెళ్లాలి. లిథియం బ్యాటరీ చాలా వరకు ఖాళీ అయ్యేదాకా దాదాపు 13 వోల్టులే చూపిస్తుంది. అందుకే వోల్టు మీటరును నమ్మకూడదు, వెళ్లిన ఆంపియర్లను లెక్కపెట్టే షంటే కావాలి. ఇక చాలా కొత్త ఇంజన్లలో ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించేది) ఇంధనం ఆదా కోసం వోల్టేజీ తగ్గించేస్తుంది. డీసీ-డీసీ ఛార్జర్ ఉంటే గంట ప్రయాణానికి 30 ఆంపియర్ అవర్లకు దగ్గరగా వస్తాయి.

చివరి మజిలీలో ముసురు పట్టింది. అక్కడ మమ్మల్ని కాపాడింది పొదుపే. 2000 వాట్ల కెటిల్‌కు ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి 170 ఆంపియర్లకు పైగా లాగుతుంది, కాబట్టి నీళ్లు గ్యాస్ మీదే కాచాం. ఏ పనీ లేకపోయినా ఇన్వర్టర్ కొంత కరెంటు తింటూనే ఉంటుంది. దాన్ని రాత్రిళ్లు పూర్తిగా ఆపేసి, ఫోన్లను నేరుగా 12 వోల్టుల సాకెట్ నుంచే ఛార్జ్ చేసుకున్నాం.